సూసి చెప్తున్న, ఇని చెప్తలేను

నా నోరు మంచిది కాదని సెంటినరీ కాలనీల అందరికి ఎరికే. ఏం చెయ్యాలె, నా దందా అసొంటిది. షాపింగ్ కాంప్లెక్స్ కాడ నెట్ సెంటర్ నాది. జిరాక్సులు, ఆధార్ పనులు, హాల్ టికెట్లు, పాసుపోర్టు ఫొటోలు. పొద్దున షట్టర్ లేపిన కాడికెల్లి కంప్యూటర్ మీద గుండ్రంగ తిరిగే సున్నను సూసుకుంట కూసునుడే నా పని. సర్వర్ డౌన్ ఉన్నదంటె అందరు నా దిక్కు గుర్రుగ సూస్తరు, సర్వర్‌ను నేనే కొంగుల ముడేసుకున్నట్టు. "ఇంకెంతసేపే మమతా" అంటరు. నేనేమన్న పొయ్యి మీద పప్పు పెట్టిన్నా, మంట పెంచితె జల్ది ఉడుకుతందుకు? ఇంటర్నెట్ మీదనే బతుకుతున్న గని, ఇంటర్నెట్ అంటె నాకు ఒళ్ళు మంట. ఎందుకో చెప్పాలంటె శాంతిరాజ్ కాక ముచ్చట చెప్పాలె.

శాంతిరాజ్ కాక బొగ్గు బాయిల పని చేసి రిటైరైన మనిషి. కంపిని క్వార్టర్ ఖాళీ చేసి, కాలనీ అవుతల రెండర్రల ఇల్లు ఏసుకున్నడు. భార్య పేరు సువార్తమ్మ. పిల్లలు లేరు. రిటైరైనోళ్ళు కొందరు చిట్టీలు నడుపుతరు, కొందరు చెట్టు కింద పత్తాలాడుతరు. ఈయన మైకు పట్టిండు. ఆకాశ్ అని మా క్వార్టర్ల లైన్ల పిలగాడే, వాని ఆటో మీద మైకు కట్టుకోని, కాలనీ లైన్లన్ని తిరుక్కుంట చావు కబురు చెప్పేటోడు. మా దిక్కు ఎవలన్న పోతె ముందుగాల చుట్టాలకు ఫోను, ఆ ఎంబడే మైకు. షిఫ్టుల ఊరు ఇది. ఒకడు బాయిల ఉంటడు, ఒకడు నిద్రల ఉంటడు. మైకు తిరిగితెనే నలుగురికి తెలుస్తది, నలుగురు మట్టికి వస్తరు, పోయినోళ్ళను సాగనంపుతరు.

కాక గొంతు బరువైన గొంతు. తొందర ఉండది. పోయినోళ్ళ పేరు, అమ్మనాయిన పేరు, బాయిల ఏం పని చేసిర్రో చెప్తడు. హిందువులైతె కాలం చేసిర్రంటడు, క్రైస్తవులైతె ప్రభువునందు నిద్రించిర్రంటడు. మట్టి ఎప్పుడో చెప్తడు. చెప్పి, కొంచెం ఆగి, ఆఖరుకు ఒక్క మాట అంటడు. "సూసి చెప్తున్న, ఇని చెప్తలేను."

ఆ మాట ఉత్తగ అనేటోడు కాదు. పోయినోళ్ళ ఇంటికి పోయి, శవం తలకాడ నిలబడి, మొఖం కండ్లార సూసి, దండం పెట్టి బయటికొచ్చి ఆటో మీద చెయ్యితోని కొడుతడు. గప్పుడు ఆకాశ్ బండి తీస్తడు. అప్పటిదాక మైకు ముట్టడు. సొంత కొడుకు ఫోన్ చేసి "మా నాయిన పోయిండు, దవాఖానకెల్లి తెస్తున్నం, మీరు మైకు తిప్పుర్రి" అని బతిమాలినా సరే, "తీస్కరార్రి, సూసినంక తిప్పుత" అనేటోడు. జనం గులుగుతుండె. నేను గుడ ఒకనాడు ఎగిరిన. "ఏంది కాకా, కొడుకే చెప్పినంక నీకింక అనుమానమేంది? నువ్వేమన్న పెద్ద డాక్టర్‌వా?" అన్న.

కాక నవ్విండు. "అనుమానం కాదు బిడ్డా. నా గొంతు అందరి ఇండ్లల్లకు పోతది. ఏం పట్టుకపోతున్నదో నేను సూసుకోవాలె గదా" అన్నడు.

అసలు సంగతి తరువాత సువార్తమ్మ చెప్పింది. రేషన్ కార్డు పని మీద నా దుకాణం బెంచీ మీద కూసున్నప్పుడు, ఎవల ముచ్చటనో చెప్తున్నట్టే చెప్పింది. పెండ్లైన కొత్తల ఆమె కడుపుతోనున్నదట. ఒకనాడు షిఫ్టు ఇడిసినా కాక పైకి రాలే. బాయి లోపట ఇంకో దిక్కు పని చెప్తె ఆడ ఆలస్యమైంది, గంతే. ఎవడో సైకిల్ మీద వచ్చినోడు లైన్ల "శాంతిరాజ్ పోయిండట" అని ఒక మాట పారేసి పోయిండు. ఈమె బాయి దిక్కు ఉరికింది. తొవ్వల పడ్డది. కాక మసి మొఖంతోని నడుసుకుంట ఇంటికొచ్చేటాల్లకు కడుపుల బిడ్డ లేదు. మల్ల కాన్పు కాలే. "ఆయనను ఎవ్వరు సూడలేదు మమతా. ఇన్నరు, చెప్పిర్రు" అన్నది సువార్తమ్మ. ఆ పూట ఆమెకు చాయ్ తెప్పిచ్చిన.

నాకు, కాకకు ఒక వేళాకోళం ఉండె. ఏటా చలికాలం మొదలుల బాయి పింఛనోళ్ళు అందరు నా దుకాణం ముందర లైను కడుతరు. బతికున్నమని రుజువు ఇయ్యాలె, లేకుంటె పింఛను ఆగుతది. ఫోన్ కెమెరా ముందర కూసోని కండ్లు ఆర్పాలె. ఆర్పితె ఫోన్ ఒప్పుకుంటది, ఈ మనిషి బతికే ఉన్నదని. నేను బతికున్నోళ్ళకు సాక్ష్యం, కాక సచ్చినోళ్ళకు సాక్ష్యం. "మన ఇద్దరి నడుమనే కాలనీ అంత ఉన్నది కాకా" అంటె, "నీ కాడ మంది ఎక్కువుండాలె బిడ్డా, నాకు గిరాకి వద్దు" అనేటోడు.

ఆ మనిషికి గొంతుల కాన్సరొచ్చింది. హైదరాబాద్ దవాఖానల గొంతు తీసేసిర్రు. పానం దక్కింది, మాట పోయింది. మెడకు రంధ్రం, దాని మీద తెల్లబట్ట. ఏదన్న చెప్పాలంటె ఫోన్ల రాసి సూపెడుతడు. ఇంటికొచ్చినంక మస్తు రోజులు గడప దాటలే.

గప్పుడు ఆకాశ్‌కు ఒక ఉపాయం తట్టింది. వాడు చెడ్డోడు కాదు, ఆ మాట ముందే చెప్తున్న. కాక ఒక్కసారి చెప్తె వాడు ఫోన్ల రికార్డు చేసుకోని తిప్పేటోడు, ఆ పాత రికార్డులన్ని వాని కాడ ఉన్నయి. అవి ఒక యాప్‌ల ఏస్తె, మనం ఏది రాస్తె అది కాక గొంతుతోనే చదువుతది. వాడు కాక ఇంటికి పోయి, "సువార్తమ్మా, నీళ్ళు తాగినవా" అని రాసి ఇనిపిచ్చిండు. నేను ఆడనే ఉన్న. సువార్తమ్మ చేతిల గిన్నె కింద పెట్టి, కొంగుతోని మొఖం కప్పుకున్నది. ఏడ్సిందో నవ్విందో నాకు తెల్వలే. కాక మాత్రం తన గొంతును తనే ఇనుకుంట అట్లనే కూసున్నడు.

కాక ఒప్పుకున్నడు, ఒక్క షరతు మీద. ఫోన్ల రాసి ఆకాశ్‌కు సూపెట్టిండు. "సచ్చినోళ్ళ మొఖం నేను సూడకుంట నా గొంతు పెట్టద్దు." ఆకాశ్ ఒట్టు పెట్టిండు. కొన్ని దినాలు అట్లనే నడిసింది. కాక మాట లేకుంటనే పోతుండె, శవం తలకాడ నిలబడుతుండె, దండం పెట్టి ఆటో మీద కొడుతుండె. ముందల మాట లేని కాక కూసునేటోడు, పైన మైకుల కాక మాట్లాడేటోడు. సూసేటోళ్ళు మొదట్ల ఆగి పైకి, కిందికి సూసేటోళ్ళు, తరువాత అలవాటు పడ్డరు.

దందా అన్నంక ఊకుంటదా. గోదావరిఖని ఆటోలోళ్ళు ఆకాశ్‌ను అడిగిర్రు, వీడు దోస్తులు గదాని ఆ గొంతు పంపిండు. వాళ్ళు ఇంకొకలకు పంపిర్రు. కొన్నాళ్ళకు కాక గొంతు వంకాయలు అమ్మబట్టింది. బట్టల దుకాణం తగ్గింపులు చెప్పబట్టింది. కోచింగ్ సెంటర్ల చేరుర్రి అనబట్టింది. పొద్దుగాల కూరగాయల ఆటో కాక ఇంటి ముందట్నే వస్తది. సువార్తమ్మ చాట పట్టుకోని గుమ్మం కాడికి వస్తది, ఏం కొనది. వంకాయలు, టమాటలు, ఆలుగడ్డలు అని ఆ గొంతు చెప్తుంటె ఆటో మూల మలిగేదాక ఇనుకుంట నిలబడి, ఖాళీ చాటతోని లోపటికి పోతది. కాక లోపల మంచంల పడుకోని ఇదంత సూసేటోడు. ఒక్కనాడు వద్దనలే.

ఇగ ఆ దినం సంగతి. లింగవ్వ నా దుకాణంల ఉన్నది. మొగడు బాయి పని చేసి పోయిండు, ఆ పింఛను ఆమెకొస్తది. ఒక్కడే కొడుకు సంపత్. వాడు గుడ బాయి పనే, పొద్దుటి షిఫ్టుల ఉన్నడు. నేను ఫోన్ ఆమె మొఖం ముందర పెట్టి, "కండ్లు ఆర్పు అవ్వా, ఆర్పితెనే బతికున్నట్టు" అని పరాష్కం చేస్తున్న. గంతల్నే బయట మైకు ఇనబడ్డది.

కాక గొంతు. అదే బరువు, అదే నిదానం. కీర్తిశేషులు రాజయ్య, లింగవ్వ దంపతుల కుమారుడు సంపత్ కాలం చేసిండు. బస్టాండు కాడ లారీ గుద్దింది. మట్టి రేపు. సూసి చెప్తున్న, ఇని చెప్తలేను.

లింగవ్వ కండ్లు ఆర్పకుంట నా దిక్కే సూసింది. తరువాత బెంచీ మీదికెల్లి జారింది. నేను పట్టుకోని, "అవ్వా, సంపత్ డ్యూటీల ఉన్నడు గదనే, ఎవడో తప్పు చెప్పిండే" అన్న. సంపత్‌కు ఫోన్ కొట్టిన. బాయిలకు ఫోన్లు తీస్కపోనియ్యరు, అది బందే వస్తది. ఆమె నా చెయ్యి తీసేసింది. "శాంతన్న సూడంది చెప్పడు బిడ్డా" అన్నది. ఇగ ఆ మాట మీదనే ఉన్నది. ఎంత చెప్పినా అదే మాట.

జరిగిందేందంటె, లారీ గుద్ది పోయింది వేరే లైన్ల సంపత్. కాలనీ వాట్సాప్ గ్రూపుల "మన సంపత్ పోయిండు" అని ఎవడో పెట్టిండు. "ఏ సంపత్" అని ఆకాశ్ అడిగిండు. "లింగవ్వ కొడుకు" అని ఇంకెవడో రాసిండు. ఆ ఎంబడే దండాల బొమ్మలు, ఏడుపు బొమ్మలు వరుసగ పడ్డయి. ఒక్కడన్న ఇంటికి పోయి సూడలే. కాకకు జ్వరమున్నదని ఆకాశ్ ఆయనను లేపలే. ఆఖరు మాట యాప్‌ల ఎప్పటికి ఉండేదే, దానంతటదే వచ్చింది.

కాక ఇంటికాడికెల్లి తన గొంతు ఇన్నడు. జ్వరం మీదనే, చెప్పులు గుడ లేకుంట ఉరికొచ్చి నా దుకాణం ముందట ఆటోకు అడ్డం నిలబడి రెండు చేతులు లేపిండు. ఆ దినం ఆకాశ్ బండికి పెట్టిన డ్రైవర్ కొత్తోడు, కాకను గుర్తువట్టక అడ్డం తప్పుకొమ్మని హారన్ కొట్టిండు. పైన మైకు సూసి చెప్తున్న అంటనే ఉన్నది. కింద ఆ మనిషి నోరు తెరిసి మూస్తున్నడు, గాలి తప్ప ఏం వస్తలేదు. నేను పోయి మైకు వైరు గుంజి పారేసిన. ఆ డ్రైవర్‌ను నాకొచ్చిన తిట్లన్ని తిట్టిన. తిడితె ఏమొస్తది.

కాక నా దుకాణంలకొచ్చి లింగవ్వ ముందర మోకాళ్ళ మీద కూసున్నడు. కాదు, కాదు అని చేతులు ఊపిండు. లింగవ్వ ఆయన దిక్కు సూసి, "నువ్వే చెప్పినవ్ గదన్నా" అన్నది. కాక చేతులు ఆగిపోయినయ్. సంపత్ బతికున్నడని చెప్దామంటె, ఆయన సంపత్‌ను గుడ సూడలే. ఆయనకు ఉన్నది ఆ ఒక్క పద్ధతే. లేసి బాయి దిక్కు పోయిండు.

షిఫ్టు ఇడిసేదాక ఆ తల్లి నా దుకాణంల కూసున్న తీరు నేను చెప్పలేను. ఆఖరుకు కాక వచ్చిండు, సంపత్ చెయ్యి పట్టుకోని, చిన్న పిలగాన్ని బడికి తోలుకొచ్చినట్టు. సంపత్ మసి మొఖంతోనే ఉన్నడు, స్నానం గుడ చెయ్యనియ్యలే. "అవ్వా, నేనే" అన్నడు. లింగవ్వ లేసి కొడుకు మొఖం నొసటి కాడికెల్లి గదువదాక తడిమింది. మల్ల తడిమింది. చేతులకు మసి అంటింది గని, నమ్మకం కుదరలే. "శాంతన్న సూసిండు గదరా" అన్నది కొడుకుతోనే. ఆ దినం కాడికెల్లి షిఫ్టు ఇడిసే యాళ్ళకు బస్సు కాడికి పోయి నిలబడుడు, కొడుకు మొఖం తడిమినంకనే ఇంటికొచ్చుడు ఆమెకు అలవాటైంది. ఇప్పటికి మానలే. ఈ గొడవల అసలు పోయిన పిలగాన్ని అందరం మర్చిపోయినం. వాని మట్టికి మంది సక్కగ రాలే.

ఆకాశ్ కాక కాళ్ళ మీద పడి ఏడ్సిండు. వాని ఫోన్ల గొంతు తీసేసిండు. మిగిలినోళ్ళ కాడ? నేను నెట్ దందా చేసేదాన్ని గదా, నాకేం తెల్వదా అని ఆ యాప్ కంపినికి మెయిల్ రాసిన. ఈ గొంతు ఫలానా మనిషిది, ఆయనకు ఇష్టం లేదు, తీసెయ్యుర్రి అని. మీ అభ్యర్థన అందింది, మీ సహనానికి ధన్యవాదాలు అని వచ్చింది. మల్ల రాస్తె మల్ల అదే వచ్చింది. అవుతల మనిషి ఉన్నడో లేడో గుడ తెల్వదు. బతికున్నమని రుజువు మమ్ముల అడుగుతరు, వాళ్ళను మాత్రం ఎవ్వలు అడగరు. నాకైతె ఆ కంప్యూటర్ ఎత్తి బయట పారెయ్యబుద్ధైంది. పారేస్తె తినేదేంది.

ఆ చలికాలం ఆఖరుల కాక బతుకు రుజువుకు వచ్చిండు. సగానికి చిక్కిపోయిండు. కెమెరా ముందర కండ్లు ఆర్పిండు, ఫోన్ ఒప్పుకున్నది. పోకుంట తన ఫోన్ల ఏదో రాసి నా ముందర పెట్టిండు. "నా గొంతుకు గుడ ఒక సర్టిఫికెట్ ఇయ్యరాదు బిడ్డా, సచ్చిపోయిందని." ఎప్పటి లెక్క వేళాకోళమాడుదామని నోరు తెరిసిన గని, నాకు దుఃఖమొచ్చింది, ఆయన ముందటనే ఏడ్సిన.

మల్ల చలికాలం ఆయన సూడలే. ఎండకాలం మొదలుల ఒకనాడు పొద్దుగాల పోయిండు. సువార్తమ్మ చెయ్యి పట్టుకోనే పోయిండట. నేను పోయేటాల్లకు ఆకాశ్ గుమ్మం కాడ నిలబడి, "చిన్నమ్మా, నా సొంత గొంతుతోని చెప్త, ఒప్పుకో" అని సువార్తమ్మను అడుగుతున్నడు. ఆమె తల ఊపింది.

వాడు ఆటో తీయకముందే రోడ్డు మీద మైకు ఇనబడ్డది. గోదావరిఖని ఆటో అది. ఆ డ్రైవర్‌కు కాక అంటె మస్తు గౌరవం. గంత పెద్ద మనిషికి ఆయన గొంతుతోనే చెప్పాలెనని, కష్టపడి తయారు చేసుకోని వచ్చిండు పాపం. శాంతిరాజ్ గారు ప్రభువునందు నిద్రించిర్రు అని శాంతిరాజ్ కాకనే చెప్తున్నడు. సూసి చెప్తున్న, ఇని చెప్తలేను అని ఆయనే అంటున్నడు.

కాలనీ ఇన్నది. ఇని నవ్వింది. గ్రూపుల "మల్ల మొదలువెట్టిర్రు, ఎవ్వలు నమ్మకుర్రి, ఫేక్" అని ఒకడు రాసిండు. లింగవ్వ కొడుకు ముచ్చట ఎవ్వలు మర్చిపోలే. ఎనుకకెల్లి ఆకాశ్ సొంత గొంతుతోని తిరిగిండు గని, వాని మాట ఎవడు ఇంటడు? అసలు మోసం చేసిందే వాడని పేరు పడ్డది.

మధ్యాహ్నమైంది. కాకను పెట్టెల పండవెట్టిర్రు. వాకిట్ల కుర్చీలు ఖాళీగ ఉన్నయి. పాస్టరుగారు పాట ఎత్తుకుంటె కలిపి పాడేటోళ్ళు లేరు. ఎన్ని చావులకు మందిని పిలిసిన గొంతు ఆయనది, ఆయన కాడ మేం ఏడెనిమిది మందిమి. నాకు కాలనీ మీద కోపం, నెట్ మీద కోపం, ఆకాశ్ మీద కోపం. ఎవలను తిట్టాల్నో తెల్వక గోడకు ఒరిగి కూసున్న.

గప్పుడు సువార్తమ్మ లేసింది. చెప్పులేసుకున్నది. శవాన్ని ఇడిసి భార్య గడప దాటుడు మా దిక్కు ఎన్నడు లేదు. ఎవలో వద్దంటె, "వస్త" అన్నది, గంతే. నేను ఎంబడి పోయిన. ఆమె లైన్లల్లకు నడిసి, మొదటి క్వార్టర్ తలుపు కొట్టింది. తలుపు తీసినామెతోని, "నేను సువార్తను, శాంతిరాజ్ భార్యను. మా ఆయన పోయిండు. సూసి చెప్తున్న, ఇని చెప్తలేను" అన్నది. ఆ పక్క తలుపు కొట్టింది. అదే మాట. ఎండ మాడుతున్నది. నీళ్ళు తాగుమంటె తాగలే, కూసోమంటె కూసోలే. తలుపులు తెరుసుకుంట పోయినయ్. నవ్వినోళ్ళు తలకాయ దించుకున్నరు.

అందరి కంటె ముందు లింగవ్వ వచ్చింది, సంపత్ భుజం పట్టుకోని. పెట్టె కాడ కూసోని, కాక మొఖం నొసటి కాడికెల్లి గదువదాక తడిమింది, రోజు కొడుకును తడిమినట్టే. మల్ల ఒకసారి తడిమింది. వాకిట్ల నిలబడ్డోళ్ళ దిక్కు తిరిగి, "అన్న పోయిండు. నేను సూసిన" అన్నది. ఆ తరువాత వచ్చిన మందికి వాకిలి పట్టలే.

పెట్టె ఎత్తుకోని సమాధుల దిక్కు పోతుంటె, ఎదురుంగ కూరగాయల ఆటో వచ్చింది. వంకాయలు, టమాటలు, ఆలుగడ్డలు అని కాక గొంతు. జనం ఆగిపోయిర్రు. డ్రైవర్ బెదిరి మైకు బంద్ చేసిండు. ఆకాశ్ వాని మీదికి పోయిండు. సువార్తమ్మ ఆకాశ్‌ను చెయ్యితోని ఆపింది.

"బంద్ చెయ్యకు బిడ్డా, పెట్టు" అన్నది డ్రైవర్‌తోని. "వంకాయలు ఉన్నయ్ గదా నీ ఆటోల. అండ్ల అబద్ధమేం లేదు."

వాడు మల్ల పెట్టిండు. ఆమె పెట్టె మీద చెయ్యేసి ఇనుకుంట నిలబడ్డది. ఆటో మూల మలిగినంక అందరం ముందుకు నడిసినం.